ప్రింటర్ మనది, తాళంచెవి ఎవరి దగ్గర?



పోయిన నెలలో ఒక తమ్ముడు ఇక్కడే అడిగాడు: "అన్నా, చింతలపూడి చదువుల గదిలో విండోస్ తీసేసి లినక్స్ వేశారంట కదా, మరి ప్రింటర్ పనిచేస్తుందా?" అని. పనిచేస్తుంది. కానీ ఆ ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటే సగం అబద్ధం చెప్పినట్టే. ఆ ముక్క వెనక మూడు సాయంత్రాలు పోయాయి, ఒక చెల్లి స్కాలర్‌షిప్ కాగితాలు ఆగిపోయాయి, మా బుర్రలో ఒక అభిప్రాయం గట్టిపడింది. ఆ అభిప్రాయం చెప్పడానికే ఈ పోస్టు. పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ముందు మా గది సంగతి. చింతలపూడి ఏజెన్సీ మండలం కాదని మీకు తెలుసు. ఇక్కడున్న మనోళ్లలో లంబాడీలు, ఎరుకలు, యానాదులు ఉన్నారు. బుట్టాయగూడెం, జీలుగుమిల్లి వైపు నుంచి చదువుకోసం వచ్చి గది తీసుకున్న కోయ పిల్లలూ ఉన్నారు. అందరం కలిసి ఒక పాత ఇంటి వెనక వాటా అద్దెకి తీసుకున్నాం. ఒక టేబుల్, రెండు బెంచీలు, పోటీ పరీక్షల పుస్తకాలు, ఒక అన్న ఉద్యోగం మారుతూ ఇచ్చిపోయిన పాత కంప్యూటర్. అందులో విండోస్ 10 ఉండేది. దానికి మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. విండోస్ 11 వేద్దామంటే ఈ డబ్బా పాతది, ఒప్పుకోదు. కొత్తది కొనే స్తోమత లేదు. అందుకని లినక్స్ మింట్ వేశాం. డబ్బు కట్టక్కర్లేదు, పాత మిషన్ మీద హాయిగా నడుస్తుంది. అక్కడిదాకా ఏ గొడవా లేదు.

గొడవంతా ప్రింటర్‌తోనే.

అసలు ప్రింటర్ ఎందుకని అడిగినవాళ్లు ఉన్నారు. షాపుకెళ్తే పేజీ ఐదు రూపాయలకి తీసిస్తారు కదా అని. నిజమే. కానీ మన కాగితాలు ఒక పేజీతో అయిపోతాయా? కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, మార్కుల జాబితా, అప్లికేషన్ కాపీ. ఒక్కొక్కటీ రెండేసి సెట్లు. ఏడాదిలో ఎన్నిసార్లు ఇలా తీయిస్తామో లెక్కేసుకోండి. పైగా షాపులో తీయించాలంటే ఆ కాగితాలన్నీ షాపు ఫోన్‌కి వాట్సాప్‌లో పంపాలి. అవి అక్కడి కంప్యూటర్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పడి ఉంటాయి. మాలో ఒకరు ఒకసారి తన ఫైలు వెతుక్కుంటూ చూస్తే, ముక్కూమొహం తెలియనివాళ్ల ఆధార్ కార్డులు వరసగా కనిపించాయంట. అక్కడ మన అక్కచెల్లెళ్లవీ ఉంటాయి. షాపువాళ్లని తప్పుపట్టడం లేదు, వాళ్ల పని ఒత్తిడి వాళ్లది. కానీ మన కాగితం మన గదిలోనే అచ్చవ్వాలి అనుకున్నాం. తలా కొంత వేసుకుని ఏలూరులో ఒక సెకండ్‌హ్యాండ్ లేజర్ ప్రింటర్ కొన్నాం. ఏ కంపెనీదో చెప్పం. ఒక కంపెనీని తిట్టడం మా ఉద్దేశం కాదు, ఇలాంటివి చాలా కంపెనీలు చేశాయి.

మొదటి సాయంత్రం. కేబుల్ పెట్టాం. కంప్యూటర్ ప్రింటర్ పేరు గుర్తుపట్టింది. అందరం చప్పట్లు కొట్టాం. ప్రింట్ ఇచ్చాం. తెర మీద "పూర్తయింది" అని వచ్చింది. ప్రింటర్‌లోంచి మాత్రం ఏమీ రాలేదు. మళ్లీ ఇచ్చాం, మళ్లీ "పూర్తయింది". మూడు రోజులు ఇదే వరస. చివరికి నూజివీడు ట్రిపుల్ ఐటీలో చదివే ఒక అక్క ఫోన్‌లో గంటసేపు కూర్చుని దారిలో పెట్టింది. మెనూలో ఏదో అదనపు ముక్క దించుకోమంది, దించాం, పనిచేసింది. ఎందుకు పనిచేసిందో మేం అడగలేదు. అదే మా మొదటి తప్పు.

రెండో తప్పు స్కాలర్‌షిప్ హార్డ్ కాపీలు కాలేజీలో ఇవ్వాల్సిన ఆఖరి రోజుకి ముందు రోజు చేశాం. పక్కింటివాళ్లు వైఫై ఇచ్చారు కదా అని మధ్యాహ్నం కంప్యూటర్ మొత్తాన్ని అప్‌డేట్ చేశాం. సాయంత్రం పదకొండు మంది పెన్‌డ్రైవులు పట్టుకుని వచ్చారు. ప్రింట్ ఇస్తే మళ్లీ అదే పాత కథ, తెర మీద "పూర్తయింది", ట్రేలో తెల్ల కాగితం. తొమ్మిదింటిదాకా కుస్తీ పట్టాం. అప్పటికి షాపులు మూసేశారు. పొద్దున్నే షాపు తెరిచేసరికి మనలాంటివాళ్లే అక్కడ బారులు తీరి ఉన్నారు. పది మందివి టైముకి అందాయి. ఒక చెల్లివి అందలేదు. తర్వాత నెల రోజులు తిరిగింది. పని ఎలాగో అయింది గానీ, ఆ నెలలో తను కోల్పోయిన క్లాసులు ఎవరు తెచ్చిస్తారు?

ఆ తర్వాతే కూర్చుని అసలు విషయం నేర్చుకున్నాం.

కొన్ని చవక లేజర్ ప్రింటర్లకి సొంత బుర్ర చాలా తక్కువ. కరెంటు పెట్టిన ప్రతిసారీ వాటిని నడిపే చిన్న ప్రోగ్రామ్‌ని, అంటే ఫర్మ్‌వేర్‌ని, కంప్యూటరే వాటిలోకి ఎక్కించాలి. ఎక్కించకపోతే అది ఉట్టి ప్లాస్టిక్ పెట్టె. ఆ ఫర్మ్‌వేర్ కంపెనీ సొత్తు. దాన్ని పంచే హక్కు కంపెనీ ఇవ్వకపోతే లినక్స్ తయారుచేసేవాళ్లు తమ సీడీలో పెట్టలేరు. కాబట్టి మనమే నెట్‌లో విడిగా దించుకోవాలి. పైగా కొన్నిటికి డ్రైవర్ వెర్షనూ ఈ అదనపు ముక్క వెర్షనూ ఒకటే కావాలి. అప్‌డేట్‌లో డ్రైవర్ మారింది, ముక్క పాతదే ఉండిపోయింది, ప్రింటర్ మూగబోయింది. ఇంతే జరిగింది. పాడైందేమీ లేదు.

మన ప్రాంతంలో మామిడి తోటల బేరం ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. పూత మీదే తోట అమ్మేస్తారు. ఆ తర్వాత చెట్టు రైతుదే, నీళ్లు పెట్టేదీ రైతే, కాయ మాత్రం వ్యాపారిది. రైతు తన ఇంట్లో పచ్చడికి నాలుగు కాయలు కోసుకోవాలన్నా కొన్నవాణ్ని అడగాలి. ఆ తోటల్లో గుడిసె వేసుకుని కాపలా ఉండే మన నాన్నలకి ఈ సంగతి ఇంకా బాగా తెలుసు. మా ప్రింటర్ బేరం కూడా అలాంటిదే అయింది. డబ్బు మాది, కాగితం మాది, కరెంటు బిల్లు మాది, దాన్ని నడిపే అనుమతి మాత్రం ఇంకొకడిది.

ఇది కొత్త గొడవ కాదని తర్వాత తెలిసింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం మొదలవడానికి ఒక కారణం ప్రింటరే. 1980 ప్రాంతంలో అమెరికాలో ఎంఐటీ ప్రయోగశాలలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామర్ ఉండేవాడు. వాళ్ల పాత ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే అందరి తెరల మీదకీ కబురు వెళ్లేలా ప్రోగ్రామ్ మార్చుకున్నాడు. తర్వాత జిరాక్స్ కంపెనీ కొత్త లేజర్ ప్రింటర్ వచ్చింది. దాని ప్రోగ్రామ్ మూలం ఇవ్వలేదు. ఇంకో యూనివర్సిటీలో అది ఉన్న ఒకాయన దగ్గరికి వెళ్లి అడిగితే, "ఎవరికీ ఇవ్వనని సంతకం పెట్టాను" అనేశాడంట. ఆ కోపం తనలో ఎలా నిలిచిపోయిందో స్టాల్‌మన్ తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు. 1983 సెప్టెంబర్ 27న గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. ఈరోజు మన గదిలో నడిచే లినక్స్‌లో ఆ ప్రాజెక్టు పని బోలెడు ఉంది.

ఇంకో సంగతి. లినక్స్‌లో ప్రింటింగ్ చూసుకునే వ్యవస్థ పేరు కప్స్. మైఖేల్ స్వీట్ అనే ఆయన 1997లో రాయడం మొదలుపెట్టాడు, 1999లో బయటికి వచ్చింది. 2002లో ఆపిల్ కంపెనీ తన మ్యాక్ కంప్యూటర్లలోకి దాన్నే తీసుకుంది. అంటే లక్షల ఖరీదు చేసే మ్యాక్‌లో ప్రింట్ తీసేదీ, మన గదిలో పాత డబ్బాలో ప్రింట్ తీసేదీ ఒకే వంశం. "ఉచితంగా వచ్చేది నాసిరకం" అని ఎవరైనా అంటే ఈ ముక్క చెప్పండి.

ఇప్పుడు మేం దెబ్బలు తిని నేర్చుకున్నవి. మీ హాస్టల్లో, మీ ఊళ్లో పనికొస్తాయి.

ఒకటి. కొనేముందే అడగండి. ఎయిర్‌ప్రింట్ అనిగానీ, మోప్రియా అనిగానీ, ఐపీపీ ఎవ్రీవేర్ అనిగానీ ఉన్న ప్రింటర్ అయితే మామూలుగా విడి డ్రైవర్ అక్కర్లేదు. లినక్స్ దాన్ని అదే గుర్తుపట్టి అదే కలుపుకుంటుంది. "ఫోన్ నుంచి నేరుగా ప్రింట్ వస్తుందా, ఎయిర్‌ప్రింట్ ఉందా?" అని షాపులో అడిగితే చాలు. సెకండ్‌హ్యాండ్ అయితే మోడల్ పేరు ఓపెన్‌ప్రింటింగ్ వాళ్ల జాబితాలో చూసి, అదనపు ప్లగిన్ కావాలంటుందేమో తెలుసుకుని అప్పుడు డబ్బివ్వండి. మేం చూడలేదు, అనుభవించాం.

రెండు. ఎక్కడ ఆగిందో చూడండి. మెనూలో ప్రింటర్స్ తెరవండి. లేదా బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ అని కొట్టి, కోలన్ పెట్టి, 631 అని కొట్టండి. నెట్ లేకపోయినా తెరుచుకుంటుంది. అది మీ కంప్యూటర్‌లోనే ఉన్న కప్స్ పేజీ. ఏ ప్రింటర్ ఉంది, ఏ పని ఎక్కడ ఆగింది, తప్పు ఏంటి అన్నీ అక్కడ కనిపిస్తాయి. మార్పులు చేయాలంటే పాస్‌వర్డ్ అడుగుతుంది, అప్పుడు మీ లాగిన్ ఇవ్వండి. ఒప్పుకోకపోతే మీ లాగిన్‌ని ఎల్‌పీఅడ్మిన్ అనే గుంపులో చేర్చాలి.

మూడు. రాలేదు కదా అని పదిసార్లు ప్రింట్ నొక్కొద్దు. కాగితం అయిపోయినా, కేబుల్ ఊడినా కొన్నిసార్లు క్యూ పాజ్ అయిపోతుంది. మనం నొక్కినవన్నీ లోపల వరసలో కూర్చుంటాయి. తర్వాత ఎవరో పాజ్ తీస్తారు. మా గదిలో ఒకసారి ఒకే కుల ధ్రువీకరణ తొమ్మిది కాపీలు వచ్చింది. ఆ పిల్లాడిని ఇప్పటికీ "తొమ్మిది కాపీలోడా" అనే పిలుస్తున్నాం. ముందు పాత పనులన్నీ రద్దు చేయండి, తర్వాత పాజ్ తీయండి, ఆ తర్వాత ఒక్కసారి నొక్కండి.

నాలుగు. కాగితం సైజు. కొన్నిచోట్ల డిఫాల్ట్‌గా అమెరికా లెటర్ సైజు ఉంటుంది. మనది ఏ4. లెటర్ కొంచెం వెడల్పు, ఏ4 కొంచెం పొడుగు. మార్చకపోతే కింద చివరి వరస తెగిపోవచ్చు. ధ్రువీకరణల్లో చివరి వరసలోనే సంతకం, నంబరు ఉంటాయి. అది తెగిన కాగితాన్ని కౌంటర్ దగ్గర తిప్పి కొడతారు. మొదటి రోజే ఏ4 పెట్టేయండి.

ఐదు. తెలుగు. డీటీపీ షాపుల్లో అను ఫాంట్లతో కొట్టిన పాత ఫైలు మన దగ్గర తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. అది లినక్స్ తప్పు కాదు, ఆ ఫాంట్లు యూనికోడ్ కాదు. కాబట్టి యూనికోడ్‌లోనే టైపు చేయండి. వేరేచోట అచ్చు తీయాల్సి వస్తే లిబ్రే ఆఫీస్‌లోంచి పీడీఎఫ్ చేసి తీసుకెళ్లండి. ఫాంటు లోపలే ఉండిపోతుంది కాబట్టి ఒత్తులు చెదరవు.

ఆరు. ఆఖరి తేదీ వారంలో అప్‌డేట్ చేయొద్దు. అసలు చేయొద్దనడం లేదు, భద్రతకి అప్‌డేట్లు కావాలి. చేసిన వెంటనే ఒక టెస్ట్ పేజీ తీయండి. మా గది గోడ మీద ఈ మాట పెద్దక్షరాలతో రాసిపెట్టాం.

ఇంకో లాభం కూడా చెప్పాలి. మా పాత ప్రింటర్‌కి వైఫై లేదు. కానీ కంప్యూటర్‌లో ప్రింటర్ షేరింగ్ పెట్టాక, అదే వైఫైలో ఉన్న మా ఫోన్లలో చాలావాటి నుంచి నేరుగా ప్రింట్ వస్తోంది. అమ్మలు కూడా ఫోన్ పట్టుకుని వచ్చి రేషన్ కార్డు కాపీ తీసుకుని పోతున్నారు.

ఇక వాదనలకి వద్దాం. "ఇంత బాధ ఎందుకు, క్రాక్ చేసిన విండోస్ వేస్తే అయిపోతుంది కదా" అంటారు కొందరు. ఇన్నాళ్లూ అదే కదా చేశాం. ఆ క్రాక్‌లతో వచ్చిన వైరస్‌లకి పెన్‌డ్రైవుల్లో నోట్సు పోగొట్టుకున్నవాళ్లు ఈ గ్రూపులో ఎంతమంది? దొంగ తాళంచెవి కూడా మన తాళంచెవి కాదు. "ఉద్యోగాల్లో ఎంఎస్ ఆఫీస్ అడుగుతారు" అంటారు. అదీ నిజమే, అది నేర్చుకోవద్దని మేం అనం. కానీ ఒక వ్యవస్థ లోపల ఎలా నడుస్తుందో తెలిసినవాడికి ఇంకోటి నేర్చుకోవడం కష్టం కాదు. ఈ ప్రింటర్ గొడవ పుణ్యమా అని మాలో ఇద్దరు ఇంటర్ పిల్లలు ఇప్పుడు లాగ్ ఫైలు చదివి తప్పెక్కడుందో చెబుతున్నారు. ఏ కోచింగ్ సెంటరూ నేర్పని విద్య అది.

కేరళలో ప్రభుత్వ బడుల పిల్లలు ఏళ్ల తరబడి లినక్స్ మీదే చదువుకుంటున్నారు. అక్కడి కైట్ సంస్థ ఉబుంటు ఆధారంగా బడుల కోసమే ఒకటి తయారుచేసి ఇచ్చింది. మన రాష్ట్రాల్లో స్వేచ్ఛ వాళ్లు తెలుగులో పనిచేసే లినక్స్ కోసం ఎప్పటి నుంచో కృషి చేస్తున్నారు. కేంద్ర ప్రభుత్వం కూడా 2015లోనే ఓపెన్ సోర్స్‌కి ప్రాధాన్యం ఇవ్వాలని విధానం ప్రకటించింది. కాబట్టి మనం అడిగేది గొంతెమ్మ కోరిక కాదు.

మేం అడిగేది ఇదీ. కె.ఆర్.పురం ఐటీడీఏ అయినా, మైదాన ప్రాంతంలో గిరిజన సంక్షేమ హాస్టళ్లు చూసే అధికారులైనా, ఆశ్రమ పాఠశాలలకి కంప్యూటర్లూ ప్రింటర్లూ కొనేటప్పుడు కొనుగోలు షరతుల్లో ఒక్క వాక్యం చేర్చాలి: "ఈ ప్రింటర్ విడి డ్రైవర్ లేకుండా లినక్స్‌లో పనిచేయాలి." ఒక్క వాక్యమే. ఇలాంటి ప్రింటర్లు బజార్లో దొరుకుతున్నవే. ఆ వాక్యం లేకపోతే, రేపు విండోస్ పాతబడగానే ప్రింటర్ కూడా మూలన పడుతుంది. మన హాస్టళ్లలో మూలన పడ్డ మిషన్లకి ఇప్పటికే లోటు లేదు.

చివరగా మనసుకి దగ్గరైన మాట. ప్రింటర్ కుదిరాక మేం మొట్టమొదట మా సంతోషానికి తీసుకున్నది ఏ సర్టిఫికెట్టూ కాదు. జీలుగుమిల్లి వైపు ఒక తమ్ముడు వాళ్ల అవ్వ చెప్పిన కోయ కథని తెలుగు లిపిలో టైపు చేశాడు. ఎనిమిది పేజీలు తీసి, మడిచి, కుట్టి, ఊళ్లో చిన్నపిల్లలకి ఇచ్చాడు. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో బడిపిల్లలకి పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు కోయ కూడా అందులో ఉంది. ఆ పుస్తకాలు మన చేతిదాకా వచ్చినా రాకపోయినా, మన కథ మనమే అచ్చేసుకోవచ్చు. ఆదిలాబాద్ వైపు మిత్రులకి ఇంకో కబురు: మసరాం గోండి లిపి 2017లో, గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరాయి. నోటో ఫాంట్లలో రెండూ ఉచితంగా దొరుకుతాయి. మీ లిపిని మీ కాగితం మీద మీరే చూసుకోండి.

కాబట్టి ఒక్క విన్నపం. మీలో ఎవరైనా ప్రింటర్ కొనబోతుంటే, డబ్బు కట్టకముందు మోడల్ పేరు ఇక్కడ పెట్టండి. తెలిసినవాళ్లం చూసి చెబుతాం. ఇప్పటికే కొన్నవాళ్లు, అది లినక్స్‌లో పనిచేసిందో లేదో, ఏం చేస్తే పనిచేసిందో కింద రాయండి. అవన్నీ జాబితా చేసి, మా ప్రింటర్ మీదే అచ్చేసి, అడిగిన ప్రతి హాస్టల్‌కీ పంపుతాం. సెట్ చేయడం నేర్చుకోవాలనుకుంటే ఆదివారం మా గదికి రండి. టీ మాది, ఓపిక మీది.

ఆ చెల్లి ఈసారి కాగితాలు ఆఖరి తేదీకి పది రోజుల ముందే తీసుకుంది. తనే తీసుకుంది, మేం ఎవరం పక్కన లేం.

జోహార్లతో,
చదువుల గది మిత్రులం, చింతలపూడి